పదమూడేళ్ల ఫుట్‌బాల్ ఆటగాడికి మోకాలి కింద బొడిపె: ఆట మాన్పించాలా, ఓర్చుకోమనాలా?

ప్రశ్న: మర్రిపాలెం నాన్న

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నాలుగేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. పాఠశాల జట్టులో కుడి వింగు, అంటే కుడి అంచున ఆడే చోటు, వాడిదే. రెండు నెలలుగా కుడి మోకాలి చిప్పకు రెండు వేళ్ల దిగువన, ఎముక మీద, రేగిపండంత బొడిపె లేచింది. చెయ్యి తగిలితే చాలు ఉలిక్కిపడుతున్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. కింద కూర్చుని భోంచేస్తే, లేవడానికి నేలకు చెయ్యి ఆనిస్తున్నాడు. విచిత్రమేమిటంటే మైదానంలోకి దిగిన పది నిమిషాలకు నొప్పి తెలియడం లేదట. ఇంటికి వచ్చి స్నానం చేసేసరికి మళ్లీ మొదలవుతోంది.

ఇప్పటికి ముగ్గురు మూడు మాటలు చెప్పారు. "ఎదిగే గుంటడికి ఇవన్నీ మామూలే, ఆడుతూ ఉంటే అదే పోతుంది" అని శిక్షకుడు అంటున్నారు. ఒక ఎముకల వైద్యుడు ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదని చెప్పి, కాగితం మీద ఆస్‌గుడ్ ష్లాటర్ అని రాసి, ఆరు నెలలు ఆట మానేయమన్నారు. ఆ ఆరు నెలల్లో ఏం చేయాలో, తరువాత ఎలా మొదలుపెట్టాలో నేను అడిగేలోపే తరువాతి పేరు పిలిచేశారు. మా అత్తగారేమో వేడి ఆముదం పోసి గట్టిగా రుద్దితే బొడిపె అణిగిపోతుందని, లేకపోతే ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్దామని పట్టుపడుతున్నారు.

వాడి వారం ఎలా గడుస్తుందో కూడా రాస్తున్నాను, బహుశా అది అవసరం కావచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్న పాఠశాల మైదానంలో గంట. వారానికి నాలుగు సాయంత్రాలు అకాడమీలో గంటన్నర చొప్పున. శనివారం మ్యాచ్, సన్నాహంతో కలిపి గంటన్నర. ఆదివారం నేనే ఆర్కే బీచ్‌కు తీసుకువెళ్లి ఇసుకలో గంట పరుగెత్తిస్తాను, దాని తరువాత స్నేహితులతో కలిసి టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద రెండు గంటలు ఆడుకుంటాడు. ఇసుకలో పరుగు కాళ్లకు బలమని విన్నాను. జూన్‌లో బడి కోసం కొన్న ప్యాంట్లు ఇప్పుడు చీలమండకు రెండు వేళ్లు పైన ఉన్నాయి. స్టడ్స్ (అడుగున మొనలుండే ఫుట్‌బాల్ బూట్లు) మాత్రం వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒక సైజు పెద్దవి కొన్నాను. ముందు దూది కుక్కి వేసుకుంటున్నాడు. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆరు నెలలు మానితే జట్టులో చోటు పోతుందని వాడి బాధ. ఆడిస్తే కాలు పాడవుతుందని నా భయం. అనుభవమున్నవారు చెప్పగలరు.


జవాబు: ఫిజియో, ఎంవీపీ కాలనీ

నమస్కారం అండీ. నేను ఫిజియోథెరపిస్టును, ఆటలాడే పిల్లలను రోజూ చూస్తుంటాను. పిల్లవాణ్ని చూడకుండా తుది మాట చెప్పకూడదు కానీ, మీరు వర్ణించిన తీరు, వైద్యుడు రాసిన పేరు ఒకదానికొకటి సరిపోతున్నాయి.

తొడ ముందువైపున్న నాలుగు కండరాలు కలిసి ఒక బలమైన పట్టీగా మారి, మోకాలి చిప్పను మధ్యలో ఇముడ్చుకుని, చిప్ప కిందనుంచి దిగి కాలి ఎముక మీద ఒక చిన్న గుబ్బకు అతుక్కుంటాయి. పెద్దవాళ్లలో ఆ గుబ్బ గట్టి ఎముక. మీ అబ్బాయి వయసులో అది ఇంకా పూర్తిగా ఎముక కాని మృదులాస్థి. ఎముక పెరిగే చోటు, మనమందరం గ్రోత్ ప్లేట్ అనేది, దాని అడుగునే ఉంటుంది. బంతిని తన్నినప్పుడు, పరుగులో ఉన్నట్టుండి ఆగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు ఆ పట్టీ గుబ్బను పైకి లాగుతుంది. తడి ఆరని గోడకు మేకు కొట్టి, దానికి బట్టల తాడు కట్టి, రోజూ తడి దుప్పట్లు ఆరేస్తే మేకు చుట్టూ గోడ ఎలా లేస్తుందో ఇక్కడ జరుగుతున్నది కూడా అలాంటిదే. లాగుడుకు జవాబుగా శరీరం అక్కడ కొత్త ఎముకను పోస్తుంది. మీకు కనిపిస్తున్న బొడిపె అదే. నొప్పి పోయినా ఆ బొడిపె జీవితాంతం ఉండిపోవచ్చు, దానివల్ల సాధారణంగా ఇబ్బంది ఉండదు, కొందరికి మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం కాస్త గుచ్చుకుంటుంది. 1903లో బోస్టన్‌లో ఆస్‌గుడ్, జూరిచ్‌లో ష్లాటర్ విడివిడిగా దీన్ని వర్ణించారు కాబట్టి ఇద్దరి పేర్లూ నిలిచిపోయాయి. వ్యాధి అన్న మాట చేర్చి చెప్పడంవల్ల తల్లిదండ్రులు అనవసరంగా బెదిరిపోతారు.

ఇప్పుడే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు మీ ప్యాంట్ల కథలోనే ఉంది. మగపిల్లల్లో ఎదుగుదల సగటున 13, 14 ఏళ్ల మధ్య శిఖరానికి చేరుతుంది, ఆడపిల్లల్లో సుమారు రెండేళ్లు ముందే. ఆ ఏడాదిలో కొందరు 9, 10 సెంటీమీటర్లు కూడా పెరుగుతారు. ఎముక ముందు సాగిపోతుంది, కండరాలు, వాటిని ఎముకకు కలిపే స్నాయువులు దాని వెనకాల నెమ్మదిగా అందుకుంటాయి. ఆ మధ్యకాలంలో అవి బిగుసుకుని అతుకుల దగ్గర ఎక్కువగా లాగుతాయి. నిన్నటిదాకా చక్కగా బంతి ఆపిన పిల్లవాడు ఈ వయసులో కొన్నాళ్లు తడబడటం కూడా మీరు చూసే ఉంటారు. ఇదే లాగుడు మడమ వెనుక వస్తే దాన్ని సీవర్స్ అంటారు. అది 8 నుంచి 13, 14 ఏళ్ల పిల్లలలో కనిపిస్తుంది, ముఖ్యంగా బడి తెరిచాక కొత్త స్టడ్స్ వేసుకుని గట్టి నేల మీద పరుగెత్తడం మొదలుపెట్టినప్పుడు.

అయితే ఎదుగుదల ఒక్కటే అయితే వాడి తరగతిలో అందరికీ బొడిపెలు రావాలి. మీరు రాసిన గంటలు కూడి చూశాను: పాఠశాలలో 5, అకాడమీలో 6, మ్యాచ్ గంటన్నర, ఆదివారం 3. మొత్తం పదిహేనున్నర గంటలు, అందులో విశ్రాంతి దినం ఒక్కటి కూడా లేదు. పిల్లవాడి వయసెంతో వారానికి ఆట గంటలు అంతకు మించకూడదని, వారానికి కనీసం ఒక రోజు ఏ శిక్షణా ఉండకూడదని, ఏడాదిలో రెండు మూడు నెలలు తన ప్రధాన క్రీడకు దూరంగా ఉండాలని పిల్లల క్రీడావైద్యులు చెబుతారు. పాఠశాల శిక్షకుడికి అకాడమీలో ఏం చేయించారో తెలియదు, అకాడమీకి మీ ఆదివారం సంగతి తెలియదు. ఎవరి లెక్క వారికి సబబుగానే ఉంటుంది. మొత్తం మోసేది మాత్రం ఆ ఒక్క మోకాలు. ఇసుకలో పరుగు చెడ్డది కాదు, కానీ మెత్తటి ఇసుకలో పిక్కలకు, తొడలకు పని బాగా పెరుగుతుంది, పైగా అలల అంచున నేల ఏటవాలుగా ఉండడంవల్ల ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. కాబట్టి ఆదివారం బీచ్‌ను ఇప్పటికి మానండి, లేదా గాలి పీల్చుకోవడానికి వెళ్లండి.

ఇక ఆరు నెలలు పూర్తిగా మాన్పించడం చాలామంది పిల్లలకు అవసరం ఉండదు. పూర్తిగా మానితే నొప్పి తగ్గుతుంది, దానితోపాటు కండరం కూడా తగ్గుతుంది. ఆరో నెలలో ఒక్కసారిగా మైదానంలోకి దిగితే కథ మొదటికి వస్తుంది. నేను చేయించేది ఇలా ఉంటుంది. మొదటి మూడు, నాలుగు వారాలు ఎగరడం, పూర్తి వేగంతో పరుగు, బలంగా షాట్ కొట్టడం ఉండవు. దగ్గరి పాస్‌లు, బంతి అదుపు, ఎడమ కాలి పని ఉంటాయి. పొద్దుటి గంట, ఆదివారం బీచ్, టర్ఫ్ మూడూ తీసేస్తే వారం ఏడున్నర గంటలకు దిగుతుంది. ఇంట్లో రోజూ గోడకు వీపు ఆనించి, నొప్పి పుట్టనంత మేరకే మోకాళ్లు వంచి, కుర్చీలో కూర్చున్నట్టు ముప్పై, నలభై సెకన్లు నిలవాలి. అలా నాలుగైదు సార్లు. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, మునివేళ్ల మీద లేవడం కూడా చేర్చండి. తరువాత నెమ్మదిగా గుంజీలు, ఒంటికాలి గుంజీలు, ఆ పైన ఎగరడం. మొత్తం మూడు నెలల పని అనుకోండి.

ఎంత చేయాలన్నది నొప్పిని అడిగి నిర్ణయించుకోవాలి. సున్నా నుంచి పది వరకు వాణ్నే అంకె చెప్పమనండి. ఆటలో మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున్న ముందురోజు కంటే ఎక్కువ ఉండకూడదు, ఏ క్షణంలోనూ కుంటకూడదు. ఆడుతున్నప్పుడు నొప్పి తెలియడం లేదన్న మాటను నమ్మి గంటలు పెంచకండి. ఒళ్లు వేడెక్కితే నొప్పి మరుగున పడుతుంది, మర్నాటి మెట్లే నిజం చెబుతాయి. నొప్పిగా ఉన్నప్పుడు గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు పెట్టవచ్చు, అది ఉపశమనానికే. అక్కడ స్టెరాయిడ్ సూది వేస్తామంటే ఒప్పుకోకండి.

అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, ఆముదం తొడకు, పిక్కకు మెత్తగా రాయనివ్వండి, బొడిపె మీద మాత్రం రుద్దనివ్వకండి. ఎముక పోసుకున్న గుబ్బ రుద్దితే అణగదు, మంట పెరుగుతుంది. కట్టు విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పను. ఎదిగే పిల్లల్లో గ్రోత్ ప్లేట్ దగ్గర విరిగిన ఎముకను సరిగా కూర్చకుండా బిగించి కడితే ఆ కాలు వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు.

వెంటనే వైద్యుణ్ని చూడాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరం, కీలు మొత్తం వాచడం, మోకాలు చాపలేకపోవడం అలాంటివి. ఎగిరినప్పుడు ఫట్‌మని శబ్దం వచ్చి ఆ తరువాత కాలు నిటారుగా ఎత్తలేకపోతే ఆ గుబ్బే ఊడి ఉండవచ్చు, అది అత్యవసరం. ఇంకొకటి చాలామంది జారవిడిచేది: 10 నుంచి 16 ఏళ్ల పిల్లవాడు, ముఖ్యంగా కాస్త బరువున్నవాడు, మోకాలు నొప్పంటూ కుంటుతుంటే తుంటిని కూడా పరీక్షించాలి. తుంటి దగ్గర తొడ ఎముక తల తన చోటు నుంచి జారినా నొప్పి మోకాలిలోనే తెలుస్తుంది, మోకాలి ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు.


జవాబు: పాత పీఈటీ, గోపాలపట్నం

పై జవాబులో గంటల లెక్క చదివి నాకు గతం గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా కాలంలో పిల్లవాడు కాలు పట్టుకుని కూర్చుంటే చల్లటి స్ప్రే కొట్టి, వీపు తట్టి మళ్లీ లోపలికి పంపేవాళ్లం. ఒకసారి అలా పంపిన పదిహేనేళ్ల కుర్రవాడు తరువాతి పరుగులోనే పిరుదు కింద పట్టుకుని కూలిపోయాడు. కండరం పట్టేసిందనుకుని నెల రోజులు సాగదీయించాను. తీరా చూస్తే కండరం తెగలేదు, అది అతుక్కున్న ఎముక ముక్కే కూర్చునే ఎముక నుంచి ఊడివచ్చింది. పెద్దవాళ్లకు కండరం చిరిగే చోట ఈ వయసు పిల్లలకు ఎముక ఊడుతుందని ఆ రోజు తెలిసింది. నేను చేయించిన సాగదీత వాడికి ఎంత నొప్పి పెట్టి ఉంటుందో ఇప్పటికీ తలుచుకుంటాను.

సన్నాహం గురించి నాదొక మాట. మైదానం చుట్టూ రెండు చుట్లు పరుగెత్తించి, కాళ్లు చాపి వేళ్లు ముట్టుకోమని, విజిల్ ఊదేయడం సన్నాహం కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా పేరుతో ఫిఫా 11 ప్లస్ అని ఒక పద్ధతి ఉంది. 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు, ఏ పరికరమూ అక్కర్లేదు. మొదట 8 నిమిషాలు నెమ్మది పరుగు, నడుమ 10 నిమిషాలు బలం, తూకం, ఎగరడం, చివర 2 నిమిషాలు వేగంగా పరుగు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల జట్లతో చేసి 2008లో ప్రచురించిన పరిశీలనలో దీనివల్ల గాయాలు సుమారు మూడోవంతు తగ్గాయి. 7 నుంచి 13 ఏళ్లవారికి వేరే రూపం ఉంది. నాలుగు యూరప్ దేశాల్లో దాన్ని పరీక్షించి 2018లో ప్రచురించినప్పుడు తగ్గుదల దాదాపు సగం. వారానికి రెండుసార్లయినా క్రమం తప్పకుండా చేస్తేనే ఈ ఫలితం. మన దగ్గర ఇబ్బంది ఏమిటంటే, టర్ఫ్‌ను గంటకు ఇంతని అద్దెకు తీసుకున్నాక ఇరవై నిమిషాలు సన్నాహానికి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే నేను గేటు బయట, బండ్లు నిలిపే చోటే చేయించేవాణ్ని.

స్టడ్స్ సంగతి. వదులు బూటులో పాదం ముందుకూ వెనక్కూ జారుతుంది, పిల్లవాడు వేళ్లతో బూటును పట్టుకుని పరుగెత్తుతాడు. పిక్క బిగుస్తుంది, మడమ ఒరుసుకుంటుంది, చీలమండ మడతపడుతుంది. బొటనవేలి ముందు సగం వేలు వెడల్పు ఖాళీ చాలు. ఆరు నెలలకొకసారి మార్చాల్సి వస్తే జట్టులో చిన్నపిల్లలకు పాతవి ఇచ్చి పెద్దపిల్లల పాతవి తీసుకునే ఏర్పాటు చేసుకోండి. పొడవాటి మొనలున్న స్టడ్స్ మెత్తటి గడ్డినేలకు. అవే కృత్రిమ గడ్డి మీద వేసుకుంటే మొన లోపల చిక్కుకుని పాదం ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. ఆ మెలిక అంతా మోకాలికి చేరుతుంది. టర్ఫ్‌కు చిన్న చిన్న రబ్బరు గుబ్బలున్నవి వేరే దొరుకుతాయి. షిన్ గార్డులు (కాలి ముందు ఎముకకు కట్టుకునే కవచాలు) ఆట నియమాల్లో నాలుగో నియమం ప్రకారం తప్పనిసరి, కానీ సాధనలో ఎంతమంది పెట్టుకుంటున్నారో మీరే చూడండి. అలాగే కదిలే గోల్ స్తంభాలను నేలకు బిగించకుండా పిల్లలను ఆడనివ్వకండి. వాటికి వేలాడినప్పుడు మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు పలు దేశాల్లో జరిగాయి.

మన విశాఖ ఉక్కపోతను కూడా గాయాల లెక్కలోనే వేయండి. ఇక్కడి ఎండ కంటే గాలిలోని తేమే ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. 2014 ప్రపంచకప్‌లో కూడా తేమనూ ఎండనూ కలిపి కొలిచే సూచీ 32 దాటితే నడుమ విరామం ఇచ్చే ఏర్పాటు చేశారు. పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి నీళ్లు, ఆట తరువాత ఉప్పు వేసిన మజ్జిగ. ఎవరైనా తడబడుతూ మాట తడుముకుంటుంటే ఆటోకోసం వెతికేలోపే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. చల్లబరచడం ముందు, తరలించడం తరువాత.


జవాబు: గాజువాక అమ్మ

మా అమ్మాయి గురించి రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మాట్లాడేదంతా అబ్బాయిల గురించే ఉంది. పదహారేళ్లప్పుడు ఎవరూ తగలకుండానే, బంతి కోసం ఎగిరి ఒంటికాలి మీద దిగింది. పటుక్కుమన్న శబ్దం మైదానం అంచు గీత దగ్గర నిలబడ్డ నాకే వినిపించింది. రెండు గంటల్లో మోకాలు కొబ్బరికాయలా వాచింది. ఒక క్లినిక్‌లో బెణుకన్నారు, క్రేప్ బ్యాండేజీ చుట్టారు. మూడు వారాల తరువాత మెట్ల మీద మోకాలు జారి పడబోయినప్పుడు ఎంఆర్ఐ తీయించాము. మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ముందు లిగమెంట్, ఏసీఎల్ అంటారే, అది పూర్తిగా తెగిపోయింది. మోకాలు శబ్దం చేసి గంటల్లోనే వాస్తే అందులో రక్తం చేరిందని అర్థమట, అలాంటప్పుడు బెణుకని సరిపెట్టుకోకూడదట. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

ఇలా ఎవరూ తగలకుండా ఏసీఎల్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిలలో రెండు మూడు రెట్లు ఎక్కువని తరువాత తెలుసుకున్నాను. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం ఒక కారణం. శస్త్రచికిత్స తరువాత మాకు ఇచ్చిన వ్యాయామాలలో సగం, అద్దం ముందు నిలబడి మోకాలు పాదం వేళ్ల వైపే చూసేలా దిగడం నేర్చుకోవడమే. ఆ పని ముందే నేర్పి ఉండవచ్చు కదా అని అడిగితే, పాత పీఈటీ గారు చెప్పిన ఆ ఇరవై నిమిషాల సన్నాహంలో ఉన్నది అదేనని మా ఫిజియో అన్నారు.

శస్త్రచికిత్స ఒక రోజు, ఆ తరువాతది తొమ్మిది నెలలు. ఆరో నెలలో నడక, పరుగు మామూలుగా కనిపించేసరికి చుట్టాలు, జట్టువాళ్లు అందరూ ఇంకెప్పుడని అడగడం మొదలుపెట్టారు. తొమ్మిది నెలలకు ముందే మైదానానికి తిరిగివెళ్లినవారిలో మోకాలు మళ్లీ గాయపడడం చాలా ఎక్కువ. రెండు కాళ్ల బలం, ఒంటికాలి గెంతు దాదాపు సమానంగా వచ్చేదాకా మా ఫిజియో ఒప్పుకోలేదు. ఆ నెలల్లో తను గదిలోంచి బయటికి రాని రోజులు ఉన్నాయి. జట్టు ఫోన్ గ్రూపులో ఫోటోలు చూసి ఏడ్చేది. నేను చేసిన మంచి పని ఒకటే, సాధన జరిగే చోటికి తనను వారానికి రెండు రోజులు తీసుకువెళ్లి స్కోరు రాయమనేదాన్ని.

ఇంకొక మాట. పొద్దున్న అయిదున్నరకు ఖాళీ కడుపుతో పంపకండి. అమ్మాయిల విషయంలో నెలసరి మూడు నెలలు రాకపోతే చదువు ఒత్తిడి అనుకోకుండా వైద్యురాలికి చూపించండి. ఆటకు తగినంత తినకపోవడం ఒక కారణం కావచ్చు, అది ఎముకల బలాన్ని తీసేస్తుంది.


ప్రశ్న అడిగినవారి జవాబు: మర్రిపాలెం నాన్న

ముగ్గురికీ కృతజ్ఞతలు. పొద్దుటి గంట, ఆదివారం టర్ఫ్ ఆపించాను. బూట్లు నిన్నే మార్చాను. పాఠశాల, అకాడమీ శిక్షకులిద్దరినీ ఒకే ఫోన్ గ్రూపులో చేర్చాను, మొదట ఇద్దరూ మౌనంగా ఉన్నారు కానీ ఇప్పుడు ఒకరికొకరు రాసుకుంటున్నారు. పెరుగుదల చూడడానికి వంటగది తలుపు చట్రం మీద పెన్సిలు గీత గీశాను.

ఇంకొక సందేహం. మొన్న శనివారం మా వాడు ఆడలేదు, చూడడానికి వెళ్లాము. గాలిలో బంతి కోసం ఇద్దరు పిల్లల తలలు ఢీకొన్నాయి. ఒకడు కొన్ని క్షణాలు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు, లేచాక స్కోరు ఎంతని పక్కవాణ్ని అడిగాడు. తల మీద నీళ్లు పోసి, స్పృహ తప్పలేదు కదా అని మళ్లీ ఆడించారు. నాకు మనసు ఒప్పలేదు, కానీ ఏమనాలో తెలియలేదు. అలాంటప్పుడు ఏం చేయాలి?


జవాబు: ఫిజియో, ఎంవీపీ కాలనీ

మీకు మనసు ఒప్పకపోవడమే సరైనది. స్కోరు అడిగిన క్షణంలోనే ఆ పిల్లవాణ్ని బయటికి తీసుకురావాల్సింది. మెదడు అదిరిందనడానికి స్పృహ తప్పి తీరాలని లేదు. నిజానికి చాలామందిలో తప్పదు. తెల్లబోయి చూడడం, తూలడం, తలనొప్పి, వెలుతురు భరించలేకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, కారణం లేకుండా చిరాకు, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా అనుమానించాలి. అనుమానం ఉంటే ఆ రోజు ఆట ముగిసినట్టే. పది నిమిషాలు కూర్చోబెట్టి బాగానే ఉందని పంపడం ఉండదు. పిల్లల మెదడు కోలుకోవడానికి పెద్దలకంటే ఎక్కువ రోజులు పడుతుంది, కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే అరుదుగానైనా ప్రాణం మీదికి రావచ్చు. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ముంచుకొచ్చే మగత, మూర్ఛ, చేయి కాలు బలహీనపడడం, మెడ నొప్పి ఉంటే నేరుగా ఆసుపత్రికే.

తరువాత ఒకటి రెండు రోజులు తేలికపాటి విశ్రాంతి. చీకటి గదిలో పడుకోబెట్టాల్సిన పని లేదు, ఇంట్లో నడవవచ్చు, ఫోను తెర మాత్రం బాగా తగ్గించాలి. నిద్రపోనివ్వకూడదన్నది పాత నమ్మకం; వైద్యుడు చూసి ప్రమాదం లేదన్నాక హాయిగా నిద్రపోనివ్వండి. ఆ పైన ముందు బడి, తరువాతే ఆట. నడక, తేలిక పరుగు, బంతితో ఒంటరి సాధన, జట్టుతో సాధన, ఇలా మెట్టుమెట్టుకూ కనీసం ఒక రోజు ఎడం ఉంచుతూ వెళ్లాలి, లక్షణం మళ్లీ కనిపిస్తే ఒక మెట్టు దిగాలి, ఇతరులు తగిలే ఆటకు ముందు వైద్యుడి అనుమతి ఉండాలి. తలతో బంతి కొట్టడం గురించి కూడా చెబుతాను: అమెరికాలో 2015లో పదేళ్లు, అంతకన్నా చిన్నవారికి దాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించారు, స్కాట్లాండ్‌లో 2020 నుంచి 12 ఏళ్ల లోపువారి సాధనలో తీసేశారు. మన దగ్గర చిన్నపిల్లలకు అది నేర్పకపోతే ఆటకు వచ్చే లోటేమీ లేదని నా అభిప్రాయం.


ఆరు వారాల తరువాత: మర్రిపాలెం నాన్న

ఎలా ఉందో రాయమని ఇద్దరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. తలుపు చట్రం మీద గీత సెంటీమీటరుకు పైగా జరిగింది. గోడ కుర్చీ నలభై సెకన్లు నిలుస్తున్నాడు. మొదటి వారంలో పన్నెండు సెకన్లకే కూలబడ్డాడు. నొప్పి అంకె మొదట్లో ఆరు ఉండేది, ఈ వారమంతా ఒకటి, రెండు. నిన్న బూటు లేసులు కట్టుకోవడానికి కుడి మోకాలు నేలకు ఆనించాడు, తరువాత వాడికే గుర్తొచ్చి నా వైపు చూశాడు. బొడిపె అలాగే ఉంది. మా అత్తగారు దాన్ని ఇప్పటికీ అనుమానంగానే చూస్తున్నారు. వచ్చే శనివారం నుంచి మ్యాచ్‌లో రెండో సగంలో ఇరవై నిమిషాలు ఆడించడానికి శిక్షకుడు ఒప్పుకున్నారు.

ఎడమ మోకాలి కింద కూడా సరిగ్గా అదే చోట నొక్కితే ఇప్పుడు కొంచెం నొప్పి అంటున్నాడు, అంకె రెండు. ఈసారి ఎక్స్‌రేకు పరుగెత్తలేదు. గురువారం సాధన మాన్పించి, గోడ కుర్చీ రెండు కాళ్లకూ సమంగా చేయిస్తున్నాను.